ఆఫ్‌సీజన్‌లో మీ బేస్‌బాల్ జట్టును తూచడం ఎలా: సిమ్ లీగ్ మేనేజర్ల కోసం సమగ్ర మార్గదర్శి

మా పాలకొల్లు వైపు సార్వా కోతలు, నూర్పిళ్ళు, దాళ్వాకి నారు పోయడం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి. ఆ రెండు పంటల మధ్య చిక్కే నాలుగు రోజుల్లోనే రైతు ఏ చేను ఎంత పండిందో, ఏ బోదెలో పూడిక తీయించాలో, ఏ విత్తనం మార్చాలో తేల్చుకుంటాడు. బేస్‌బాల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే ఆఫ్‌సీజన్ కూడా అలాంటి వ్యవధే. నేను అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ అనే కంప్యూటర్ ఆట మీద నడిచే ఒక ఆన్‌లైన్ లీగ్‌లో కొన్నేళ్ళుగా జట్టు నడుపుతున్నాను. మా లీగ్ అసలు బేస్‌బాల్ క్యాలెండర్‌తో పాటే నడుస్తుంది కాబట్టి నాకు ఈ రెండు లెక్కలూ ఒకే నెలల్లో పడతాయి.

కొత్తగా జట్టు తీసుకున్నవాళ్ళు ఆఫ్‌సీజన్ రాగానే ఫ్రీ ఏజెంట్ల (ఏ జట్టుతోనూ కాంట్రాక్టు లేని ఆటగాళ్ళ) జాబితా తెరుస్తారు. దయచేసి అది మూసేయండి. మన గాదెలో ఏముందో చూసుకోకుండా సంతకి వెళ్తే, ఇంట్లో ఉన్నదే మళ్ళీ కొనుక్కొస్తాం. ఈ వ్యాసం అంతా మన గాదె చూసుకోవడం గురించే.

ముందుగా: గడువులు రాసి గోడకి అంటించండి

గడువులు అమెరికా టైములో ఇస్తే లెక్క ఇలా: న్యూయార్క్‌లో రాత్రి 8 గంటలు అంటే శీతాకాలంలో మనకి మర్నాడు ఉదయం 6:30. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట ముందుకి తిప్పాక అదే 5:30 అవుతుంది. మీ లీగ్ కమిషనర్ ఎప్పుడు సిమ్ నడుపుతారో (కంప్యూటర్‌తో మ్యాచ్‌లు ఆడిస్తారో), మన మార్పులుండే ఎక్స్‌పోర్ట్ ఫైలు ఎప్పటిలోగా పంపాలో మన టైములో రాసుకోండి. ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి జీతం తేల్చే పద్ధతి) నిర్ణయం, 40 మంది జాబితా (జట్టు తనకే కాపాడుకునే ఆటగాళ్ళు) ఖరారు, రూల్ 5 డ్రాఫ్ట్ (ఆ జాబితాలో లేని కుర్రాళ్ళని వేరే జట్లు ఎంచుకునే రోజు), ఈ మూడు తేదీలూ ఎర్ర సిరాతో ఉండాలి. నేనిలా ఎందుకు పట్టుబడుతున్నానో కింద చెప్తాను.

మొదటి మెట్టు: గెలుపులు పక్కనపెట్టి పరుగులు చూడండి

పోయిన సీజన్లో 84 మ్యాచ్‌లు గెలిచాం, ఇంకో ఆరు గెలిస్తే ప్లేఆఫ్స్ అనుకోవడం సహజం. కానీ ఆ 84 నిజంగా మనదేనా? దీన్ని తేల్చడానికి బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ ఇచ్చిన సూత్రం ఒకటుంది. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చినదాన్ని 162తో గుణిస్తే ఆ పరుగులకి న్యాయంగా రావాల్సిన గెలుపులు తేలతాయి.

ఒక జట్టు 700 పరుగులు చేసి 750 ఇచ్చిందనుకుందాం. 700 వర్గం 4,90,000. 750 వర్గం 5,62,500. మొత్తం 10,52,500. భాగిస్తే 0.466 వస్తుంది, 162 మ్యాచ్‌లకి దాదాపు 75 గెలుపులు. ఆ జట్టు 84 గెలిచిందంటే తొమ్మిది గెలుపులు ఒక్క పరుగు తేడా మ్యాచ్‌లు అటు తిరగడం వల్ల వచ్చినవి. అవి వచ్చే ఏడాది కూడా మన వైపే తిరుగుతాయన్న హామీ ఏదీ లేదు. కాబట్టి మీరు బయలుదేరేది 84 నుంచి కాదు, 75 నుంచి.

దీన్ని ఒప్పుకోవడం కష్టం. పంట బాగా పండినప్పుడు వాన కలిసొచ్చిందని రైతుకి తెలుసు, అయినా నా సేద్యం గొప్ప అనుకోవాలనిపిస్తుంది. ఈ ఒక్క లెక్కా నిజాయితీగా వేసుకుంటే మిగతా మెట్లు సులువు.

రెండో మెట్టు: వచ్చే ఏడాది ఉండేవాళ్ళతో మళ్ళీ లెక్క కట్టండి

పోయిన ఏడాది జట్టు ఇక లేదు. కాంట్రాక్టు ముగిసినవాళ్ళు, రిటైరైనవాళ్ళు పోగా మిగిలినవాళ్ళ పేర్లు మాత్రమే ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన వచ్చే ఏడాది ఎంత వార్ ఇస్తాడని మీరు నమ్ముతున్నారో వేయండి. ఏ జట్టుకైనా ఎప్పుడైనా కనీస జీతానికి దొరికే సాదా ఆటగాడి కంటే ఇతను ఎన్ని గెలుపులు ఎక్కువ తెస్తాడో చెప్పే అంకె వార్. అలాంటి సాదా ఆటగాళ్ళతోనే జట్టంతా నింపితే 162 మ్యాచ్‌లలో దాదాపు 48 గెలుస్తుందని అంచనా. మీ కాగితం మీద వార్ మొత్తం 30 వస్తే 48 కలిపి 78. ప్లేఆఫ్స్‌కి 90 కావాలనుకుంటే మీకు ఇంకా 12 కావాలి. స్థూలంగా పది పరుగులకి ఒక గెలుపు, అంటే 120 పరుగులు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటి: పోయిన ఏడాది వార్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించడం. ఆరు వార్ తెచ్చినవాడు మళ్ళీ ఆరు తెస్తాడని రాయకండి. మూడేళ్ళ అంకెలు తీసుకుని, దగ్గరి ఏడాదికి ఎక్కువ బరువిచ్చి, వయసు చూసి కాస్త తగ్గించండి. నేనైతే ముప్పై దాటిన బ్యాటర్‌కి తప్పకుండా కొంత కోస్తాను.

మూడో మెట్టు: వల ఒక్కచోటే విసరకండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే జట్లు పాడయ్యేది ఇక్కడే.

మా బావమరిదికి భీమవరం దగ్గర వనామీ చెరువులున్నాయి. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. 50 కౌంట్ అంటే ఒక్కోటి సగటున 20 గ్రాములు. ధర అంతా దాని మీదే. పట్టుబడికి ముందు విసురు వల వేసి, పడ్డవాటిని లెక్కపెట్టి తూస్తారు. ఒకసారి గట్టు మీద నుంచుని నేను వల విసిరితే చేతికొచ్చినవన్నీ పెద్దవే. ముప్పై అయిదు కౌంట్ ఉంటుందన్నాను. ఆయన నవ్వి, ‘బావగారూ, మీరు మేత పడేచోట విసిరారండి. అక్కడికి బలమైనవే ముందొస్తాయి. నాలుగు మూలలా విసిరి, మధ్యలో ఒకటేసి, అన్నీ కలిపి తూయాలి’ అన్నాడు. అలా చేస్తే 48 తేలింది.

ఒక సీజన్ బ్యాటింగ్ సగటు (హిట్లని ఎట్ బ్యాట్లతో భాగిస్తే వచ్చేది) మేత దగ్గర విసిరిన వల లాంటిది. ఉదాహరణకి మీ సెకండ్ బేస్‌మన్‌కి 550 ఎట్ బ్యాట్లు (లెక్కకొచ్చే బ్యాటింగ్ వంతులు), 130 స్ట్రయికవుట్లు (మూడు స్ట్రయికులతో అవుటవడం), 20 హోమ్ రన్లు (మైదానం దాటించిన బంతులు). అంటే మైదానంలో ఆడబడ్డ బంతులు 400. వాటిలో 148 హిట్లయ్యాయి (బ్యాటర్ క్షేమంగా బేస్ చేరాడు), అంటే .370. లీగ్ మొత్తం మీద ఇది .300 చుట్టూ ఉంటుంది. ఇతని మునుపటి నాలుగేళ్ళు చూస్తే .305. అదే బ్యాటు, అదే కాళ్ళు, .305 చొప్పున పడితే హిట్లు 122. హోమ్ రన్లు కలిపి సగటు .305 నుంచి .258కి దిగుతుంది. మనిషి మారలేదు. 26 బంతులు ఫీల్డర్ల మధ్యలో పడ్డాయి, అంతే.

అందుకని మూడు వలలు విసరండి. ఒకటి, రేటింగులు. 20 నుంచి 80 కొలమానంలో 50 అంటే లీగ్ సగటు. కాంటాక్ట్ (బంతికి బ్యాటు తగిలించడం), గ్యాప్ (ఫీల్డర్ల మధ్యకి కొట్టడం), పవర్, ఐ (బంతిని ఎంచుకునే కన్ను), స్ట్రయికవుట్ తప్పించుకోవడం, ఇవి విడివిడిగా చూడండి. మొత్తం కలిపి చూపే నక్షత్రాలు ఆ స్థానంతో, ఆ లీగ్‌తో పోల్చి ఇచ్చేవి కాబట్టి వాటి మీద బేరం ఆడొద్దు. రెండు, అదృష్టం తక్కువ కలిసే అంకెలు: నడకలు (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా దక్కే బేస్), స్ట్రయికవుట్లు, హోమ్ రన్లు. మూడు, మైదానం. అమెరికాలోని డెన్వర్ మైదానం సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పలచటి గాలిలో బంతి దూరం పోతుంది. అలాంటి పార్కులో ఆడినవాడి అంకెల్ని మీ పార్కుకి దింపి చూడాలి. రేటింగులు ఒక మాట, అంకెలు ఇంకో మాట చెప్తే నేను రేటింగుల వైపే మొగ్గుతాను. సిమ్ ఇంజన్ పాచికలు వేసేది వాటితోనే. అయితే మీకు కనిపించేవి మీ స్కౌట్ (ఆటగాళ్ళని అంచనా వేసేవాడు) చెప్పిన రేటింగులు, అతనూ పొరపడతాడు. మూడేళ్ళుగా అంకెలు ఒకే వైపు చెప్తుంటే స్కౌట్‌ని అనుమానించండి.

బంతి వేసే పిచర్ల దగ్గర కూడా ఇదే పద్ధతి. ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ తన తప్పుతో ఇచ్చిన పరుగులు) కాకుండా ఫిప్ (ఫీల్డర్ల వాటా తీసేసి పిచర్‌ని కొలిచే అంకె) చూడండి. హోమ్ రన్లు 13తో, నడకలు, బంతి తగిలి బేస్‌కి వెళ్ళినవాళ్ళు కలిపి 3తో గుణించి కూడండి. అందులోంచి స్ట్రయికవుట్లకి రెట్టింపు తీసేసి, మిగిలినదాన్ని ఇన్నింగ్స్‌తో భాగించండి. దానికి లీగ్ స్థిరాంకం కలపండి, అది సాధారణంగా 3.1 దరిదాపుల్లో ఉంటుంది. 180 ఇన్నింగ్స్‌లో 20 హోమ్ రన్లు, 50 నడకలు, 170 స్ట్రయికవుట్లు ఉన్నవాడికి ఇది 3.49 వస్తుంది. అతని ఈఆర్ఏ 4.60 ఉంటే, లీగ్‌లో మిగతావాళ్ళు అతన్ని వదిలించుకోవాలని చూస్తుంటారు. మీరు ఆ పని చేయకండి. ముందు మీ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఎలా పట్టాడో చూడండి, తప్పు తరచు అక్కడే దొరుకుతుంది.

నాలుగో మెట్టు: వజ్రం గీసి స్థానాలు నింపండి

కాగితం మీద వజ్రం ఆకారంలో ఉండే మైదానం గీయండి. ముందు నడుమ నాలుగు స్థానాలు నింపాలి: క్యాచర్, షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్, సెంటర్ ఫీల్డ్. ఇవి దొరకడం కష్టం, పోతే పూడ్చడం ఇంకా కష్టం. షార్ట్‌స్టాప్ ఆడగలిగినవాడు కాస్త అలవాటు చేస్తే థర్డ్ బేస్‌కీ సెకండ్ బేస్‌కీ పనికొస్తాడు. ఫస్ట్ బేస్‌వాణ్ణి షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టలేం. కాబట్టి ఫస్ట్ బేస్, లెఫ్ట్ ఫీల్డ్, డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే స్థానం), వీటికి పెద్ద డబ్బు పోయకండి. అక్కడికి బ్యాటు మాత్రమే ఉన్నవాళ్ళు ఫిబ్రవరిలో కూడా దొరుకుతారు.

ప్రతి పేరు పక్కన వయసు వేయండి. బ్యాటర్లు చాలామంది 26 నుంచి 29 మధ్య తమ ఉత్తమ స్థితిలో ఉంటారు. ముందు కాళ్ళు తగ్గుతాయి, దాంతో ఫీల్డింగ్ తగ్గుతుంది. బంతిని ఎంచుకునే కన్ను చాలాకాలం నిలుస్తుంది. కోనసీమలో కొబ్బరితోట కొనేవాళ్ళు నిన్నటి దింపులో ఎన్ని కాయలు రాలాయో ఒక్కటే అడగరు, చెట్ల వయసు అడుగుతారు. 32 ఏళ్ళ సెంటర్ ఫీల్డర్‌కి నాలుగేళ్ళ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ఆ ప్రశ్నే వేసుకోండి. నాలుగో ఏట అతను ఏ స్థానంలో ఆడతాడు? ఆ స్థానంలో అతని బ్యాటు చాలుతుందా?

ఎడమచేతి, కుడిచేతి తేడా కూడా ఇక్కడే చూసుకోవాలి. ఎదుటి చేతి పిచర్‌ని ఆడటం బ్యాటర్‌కి సులువు, ఎక్కువమంది పిచర్లు కుడిచేతివాళ్ళే కాబట్టి ఎడమచేతి బ్యాటర్లని కాస్త ఎక్కువమందినే పెట్టుకోవచ్చు. కానీ తొమ్మిదిమందిలో ఆరుగురు ఎడమచేతివాళ్ళయితే ప్రతి దగ్గరి మ్యాచ్‌లోనూ ఎదుటి జట్టు ఎడమచేతి రిలీవర్‌ని (మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్‌ని) దింపుతుంది.

అయిదో మెట్టు: ఇన్నింగ్స్ లెక్క

162 మ్యాచ్‌లు, తొమ్మిదేసి ఇన్నింగ్స్, 1,458. ఇన్ని ఇన్నింగ్స్ ఎవరో ఒకరు వేయాలి. అయిదుగురు స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) ఒక్కొక్కరు 170 వేసినా 850. మిగతా 600 పైచిలుకు బుల్‌పెన్ (రిలీవర్ల బృందం), గాయాలప్పుడు కిందినుంచి వచ్చేవాళ్ళు వేయాలి. పైగా అయిదుగురూ ఏడాదంతా నిలబడటం అరుదు. అందుకే నేను ఎనిమిదిమంది స్టార్టర్ల పేర్లు రాసుకుంటాను. ఆరు, ఏడు, ఎనిమిది స్థానాల్లో ఉన్నవాళ్ళు మైనర్ (కింది స్థాయి) లీగ్‌కి పంపగలిగిన కుర్రాళ్ళయి ఉండాలి. స్టామినా, మూడు రకాల బంతులు సరిగా వేయగలగడం, ఈ రెండూ లేనివాణ్ణి స్టార్టర్ అని రాసుకోకండి, రిలీవర్ల వరసలో వేయండి. క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ ముగించే పిచర్) గురించి అంత ఆలోచన అక్కర్లేదు.

ఆరో మెట్టు: 40 మంది జాబితా

ఇక్కడే నేను ఒక కుర్రాణ్ణి పోగొట్టుకున్నాను. 16వ ఏట సంతకం చేయించుకున్న క్యాచర్. నాలుగేళ్ళు కింది లీగుల్లో ఓపిగ్గా పెంచాను. 18 ఏళ్ళకి లేక అంతకు ముందు సంతకం చేసినవాడికి అయిదో రూల్ 5 డ్రాఫ్ట్ వచ్చేసరికి, 19 లేక ఆపై వయసులో చేసినవాడికి నాలుగో డ్రాఫ్ట్ వచ్చేసరికి, 40 మంది జాబితాలో చేర్చకపోతే వేరే జట్టు ఎత్తుకుపోవచ్చు. ఆ నవంబర్లో తుపాను వస్తుందని, కోసిన పనలు చేలోనే ఉన్నాయని పరిగెత్తాం. మూడు రోజులు కంప్యూటర్ తెరవలేదు. గడువు దాటిపోయింది. డిసెంబరు డ్రాఫ్ట్‌లో ఒక జట్టు అతన్ని తీసుకుంది. అలా తీసుకున్నవాణ్ణి వాళ్ళు మరుసటి సీజన్ అంతా 26 మంది చురుకైన జాబితాలోనే ఉంచాలి, లేకపోతే తిరిగివ్వజూపాలి. వాళ్ళు అతన్ని బెంచి మీద కూర్చోబెట్టి ఏడాదంతా ఉంచుకున్నారు. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధే. గడువులు గోడకి అంటించమన్నది అందుకే.

కాబట్టి ఇలా చేయండి. ముందు 40లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. 60 రోజుల గాయాల జాబితాలో ఉన్నవాళ్ళు సీజన్ మధ్యలో ఈ లెక్కలోకి రారు, ఆఫ్‌సీజన్ మొదలవగానే మళ్ళీ వచ్చి కూర్చుంటారు. 38 ఉన్నారనుకుని నిశ్చింతగా ఉంటే హఠాత్తుగా 42 అవుతారు. తర్వాత రూల్ 5కి గురయ్యే కుర్రాళ్ళ పేర్లు తీయండి. ఒక్కొక్కరి దగ్గర ఒకే ప్రశ్న: వేరే జట్టు ఇతన్ని ఏడాదంతా బెంచి మీద భరించగలదా? క్యాచర్లనీ, రిలీవర్లనీ భరించగలరు. ఇంకా కింది లీగుల్లోనే తడబడే 20 ఏళ్ళ అవుట్‌ఫీల్డర్‌ని భరించడం కష్టం. ముందు భరించగలిగినవాళ్ళని కాపాడండి.

ఆప్షన్లు (ఆటగాణ్ణి కిందికి పంపే అవకాశాలు) చూడటం మరవద్దు. 40లో ఉన్న ఆటగాణ్ణి ఒక సీజన్లో 20 రోజులు లేదా అంతకు మించి మైనర్లలో ఉంచితే ఒక ఆప్షన్ ఖర్చవుతుంది. మామూలుగా అలాంటివి మూడు. అవి అయిపోయాక కిందికి పంపాలంటే వెయివర్ల మీద పెట్టాలి, అంటే ఎవరైనా లాక్కోవచ్చు. 26 మంది జాబితా చివర్లో ఆప్షన్లు లేని ఆటగాళ్ళు నలుగురుంటే మీ చేతులు కట్టేసినట్టే. వాళ్ళని జనవరిలోనే ట్రేడ్ చేయండి, మార్చిలో అందరూ అదే పని మీద ఉంటారు.

మీ లీగ్ సొంత నిబంధనలు పెట్టుకుని ఉండొచ్చు. నేను చెప్తున్నవి అసలు మేజర్ లీగ్ నిబంధనలు, చాలా సిమ్ లీగులు వీటినే వాడతాయి.

ఏడో మెట్టు: జీతాలు, అయిదేళ్ళ వరసలో

ఒక పట్టిక గీసి అయిదు నిలువు గళ్ళు వేయండి, ఏడాదికొకటి. ప్రతి ఆటగాడి జీతం ఏ ఏడాది ఎంతో నింపండి. 172 రోజుల సర్వీసు (మేజర్ లీగ్‌లో గడిపిన కాలం) ఒక ఏడాది కింద లెక్క. మూడేళ్ళ లోపువాళ్ళకి దాదాపు కనీస జీతమే. అసలు మేజర్ లీగ్‌లో 2025కి అది 7,60,000 డాలర్లు, 2026కి 7,80,000. మూడేళ్ళు నిండితే ఆర్బిట్రేషన్, ఆరేళ్ళు నిండితే ఫ్రీ ఏజెన్సీ. రెండేళ్ళు దాటి మూడేళ్ళు నిండనివాళ్ళలో సర్వీసు బాగా ఎక్కువున్న 22 శాతం మందికి ఆర్బిట్రేషన్ ఒక ఏడాది ముందే వస్తుంది. వీళ్ళని మరిచిపోయి బడ్జెట్ వేసుకున్నవాళ్ళు చాలామంది.

ఆర్బిట్రేషన్‌కి వచ్చే ప్రతివాడి దగ్గరా అడగాల్సింది: ఇతనికిచ్చే సొమ్ముకి బయట ఇంతకన్నా మంచివాడు దొరుకుతాడా? దొరికితే వదిలేయండి. మొహమాటం వద్దు. బయట ధర తెలియాలంటే పోయిన ఆఫ్‌సీజన్లో మీ లీగ్‌లో సంతకాలైన ఫ్రీ ఏజెంట్ల మొదటి ఏడాది జీతాలన్నీ కూడి, వాళ్ళు తెస్తారని అప్పట్లో అనుకున్న వార్‌తో భాగించండి. మీ లీగ్‌లో ఒక గెలుపు ధర అదే. వేరే లీగుల ధరలు మనకి పనికిరావు, నరసాపురం ధరతో రాజమండ్రిలో కొబ్బరికాయ అమ్మలేం.

ఎనిమిదో మెట్టు: ఎటు వెళ్ళాలో తేల్చుకోండి

ఇప్పుడు రెండో మెట్టులో వచ్చిన అంకె మళ్ళీ తీయండి. 88 దాటితే కొనండి, కుర్రాళ్ళని ఇచ్చైనా ఒక మంచి స్టార్టర్‌ని తెచ్చుకోండి. 70 దిగువన ఉంటే 29 దాటిన ప్రతి మంచి ఆటగాణ్ణీ అమ్మకానికి పెట్టండి. కష్టమంతా 75, 82 మధ్యలో ఇరుక్కున్నప్పుడే. అప్పుడు వయసుల కాగితం చూడండి. వార్ ఎక్కువ తెచ్చే అయిదుగురిలో ముగ్గురు 27 లోపువాళ్ళయితే ఏమీ అమ్మకండి, నడుమ స్థానాల్లో ఒకటి పూడ్చి ఆగండి. ముగ్గురు 31 దాటినవాళ్ళయితే ఈ ఏడాదే అమ్మండి. వచ్చే ఏడాదికి వాళ్ళ ధర సగమైనా ఉండదు. నేను ఒక 33 ఏళ్ళ ఫస్ట్ బేస్‌మన్‌ని, 35 హోమ్ రన్లు కొట్టాడన్న మురిపెంతో, రెండు మంచి పిచింగ్ కుర్రాళ్ళు ఇస్తామన్నా వదల్లేదు. మరుసటి ఏడాది అతను జూన్‌కే బెంచి మీద ఉన్నాడు.

ఆఖరున ఒక చిన్న కాగితం మిగలాలి. అందులో కావలసిన స్థానాలు మూడుకి మించకుండా, ఒక్కోదానికి ఎంత ఇవ్వగలమో, బదులుగా ఎవరిని ఇవ్వగలమో ఉండాలి. ఇప్పుడు ఫ్రీ ఏజెంట్ల జాబితా తెరవండి. 40లో రెండు ఖాళీలు వదిలిపెట్టండి. ఫిబ్రవరిలో స్ప్రింగ్ ట్రైనింగ్ దగ్గరపడేసరికి సంతకం కాని పిచర్లు అడిగే సొమ్ము తగ్గిస్తారు, అప్పుడు చోటు లేకపోతే ఉన్నవాళ్ళలో ఒకరిని వదులుకోవాలి. ఆ వారంలో గాయాల నివేదికలు చూసుకుని, రెండో మెట్టు కాగితం మీద అంకెలు మళ్ళీ ఒకసారి వేసి, ఎక్స్‌పోర్ట్ రాత్రే పంపేయండి.